మూడు చుట్లు

ముప్పై ఏళ్ళు, మూడు వేల మంది, ఒక్క గీత లేదు. ఇదీ బ్రేకు మాస్టారి రికార్డు. మూడు వేల మందికి కారు నడపడం నేర్పి, వాళ్ళ చేత ఒక్క గోడనూ ఒక్క గేటునూ ముట్టుకోనివ్వకుండా బండిని ఇంటికి తెచ్చిన మొనగాడు ఇంకొకడుంటే చూపించండి, సగం మీసం తీసేసుకుని తిరుగుతాను. నేర్చుకునేవాళ్ళ కారులో పక్క సీటు కింద రెండో బ్రేకు ఒకటి ఉంటుంది చూశారూ, దాని మీద మాస్టారి కాలు పడిందంటే కారు ఆగడం అటుంచి, పైన కరెంటు తీగ మీద నడుస్తున్న కాకి కూడా ఆగిపోయేది. అందుకే ఆయనకా పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు లైసెన్సు మీద మాత్రమే మిగిలింది.

అలాంటి మాస్టారు స్టీరింగు ముట్టుకుని రేపటికి ఆరు నెలలు. డ్రైవింగు స్కూలు ఆఫీసులో, రోడ్డు గుర్తుల పటం ముందు నిలబడి, "ప్రవేశం లేదు" అన్న గుర్తు మీద కర్ర పెట్టి ఆయన దభాలున పడిపోయి కొట్టుకోవడం, కొత్తగా చేరిన ఇద్దరు అది కూడా పాఠంలో భాగమే అనుకుని నోట్సు రాసుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఫిట్సు అన్నారు. "మళ్ళీ రాకుండా ఆరు నెలలు గడిస్తే అప్పుడు చూద్దాం. మధ్యలో ఒక్కటొచ్చినా లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి" అన్నాడు డాక్టరు. ఇంట్లోనే బట్టలు కుట్టే మాస్టారి భార్య ఆ సాయంత్రమే కారు తాళాలు తీసి తన గుండీల డబ్బాలో పడేసి, డబ్బాను బీరువాలో పెట్టింది. స్కూల్లో సగం వాటాదారైన బావమరిది పక్క సీటులోకి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండక, పది రోజుల కిందట స్కూలు బోర్డుకు రంగు వేస్తానని నిచ్చెనెక్కి, కిందపడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు.

రిటైరైన నర్సు ఒకామె ఆ స్కూల్లో నేర్చుకుంటోంది. అందరికీ ఆమె నర్సమ్మే. ఆమెకు ఈ శనివారం లైసెన్సు పరీక్ష, ఇంకా నాలుగు పాఠాలు మిగిలాయి, పక్కన కూర్చునే మనిషి లేడు. "కూర్చోవడమే కదా" అనుకున్నారు మాస్టారు. స్టీరింగు ఆవిడది, గేరు ఆవిడది, నేను పక్క సీటు మీద పెట్టిన సంచీ లాంటివాణ్ణి, సంచీకి లైసెన్సు ఎందుకు, అని తనకు తానే తీర్పు చెప్పుకుని, ఆఫీసులో ఉన్న రెండో తాళం తీసుకుని, ఇంట్లో చెప్పకుండా నాలుగు పాఠాలూ చెప్పేశారు. చివరిది మంగళవారం. ఇవాళ గురువారం. రేపు పొద్దున పదింటికి ఆరు నెలల పరీక్షకు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ సాయంత్రం నాలుగింటికి నర్సమ్మ మాస్టారింటి గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా మాస్టారూ. మాట్లాడాలి, తలుపు వెయ్యండి" అంది.

మాస్టారు తలుపు వేశారు.

గది చిన్నది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద సగం అంచు కుట్టిన దుప్పటి. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని నిండా ఎవరెవరివో బట్టలు, ఒక్కొక్క దానికీ గుండుసూదితో గుచ్చిన చీటీ. మాస్టారు ఆ బట్టల్ని ఎత్తి మిషను మీద పెట్టారు. నర్సమ్మ కూర్చోలేదు.

"ఆవిడ లేరా?"

"కర్టెన్లు ఇచ్చి రావడానికి వెళ్ళింది. అరగంటలో వస్తుంది."

"అరగంట చాలు."

పరీక్ష భయంతో వచ్చిందనుకున్నారు మాస్టారు. ఎంత మందిని చూశారు. పరీక్షకు రెండు రోజుల ముందు వచ్చి, క్లచ్చు ఏ కాలితో తొక్కాలో మరిచిపోయామని ఏడ్చినవాళ్ళున్నారు.

"రివర్సు ఒక్కటే కాస్త చూసుకోండి. మిగతాదంతా మీకు వచ్చేసినట్టే" అన్నారు.

"మంగళవారం ఐదు దారుల సర్కిల్ దగ్గర ఏం జరిగిందో చెప్పండి."

"ఏం జరిగింది? బ్రహ్మాండంగా తిప్పారు. అంత బాగా తిప్పారని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పబోయి, చెప్పకూడదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను."

"ఎన్ని చుట్లు తిప్పాను?"

"చుట్లేంటండీ. లోపలికొచ్చాం. మూడో దారిలో బయటికి వెళ్ళాం."

"మూడు చుట్లు తిప్పాను మాస్టారూ."

మాస్టారు నవ్వారు. పాఠం తప్పు చెప్పిన పిల్లల్ని చూసి నవ్వే నవ్వు, పై పెదవి మాత్రమే పనిచేస్తుంది. నర్సమ్మ ఆ నవ్వును లెక్కచెయ్యలేదు. వార్డులో డ్యూటీ మారేటప్పుడు తరువాతి నర్సుకు అప్పగింతలు చెప్పినట్టు, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పుకుంటూ పోయింది.

"లోపలికి వస్తుంటే మీరు 'మూడో' అన్నారు. దారి అనలేదు. మూడో ఏంటో నాకు తెలీలేదు. మూడో గేరంటున్నారా, మూడో దారంటున్నారా. నా చూపు రోడ్డు మీదే ఉంది. 'మూడో ఏంటండీ' అని అడిగాను. మీరు పలకలేదు. దారి దాటిపోయింది."

"ఆపెయ్యాల్సింది."

"సర్కిల్లో ఆగకూడదని నేర్పిందెవరు? ఏ దారో తెలీకపోతే కంగారు పడొద్దు, చుట్టూ తిరుగుతూ ఉండండి, దారి ఎక్కడికీ పారిపోదు అని మొదటి రోజు చెప్పలేదూ? మీరు చెప్పినట్టే చేశాను. రెండో చుట్టులో మీ వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, అద్దంలోంచి ముందుకు చూస్తున్నారు. కానీ చూడట్లేదు. కుడిచేతి వేళ్ళతో సీటు బెల్టు అంచును కాగితం చుట్టినట్టు చుడుతున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ చుడుతున్నారు. నోట్లో ఏదో ఉన్నట్టు నములుతున్నారు. నోట్లో ఏమీ లేదు. అప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అలవాటు కదా. నలభై దాకా వచ్చింది. మూడో చుట్టు పూర్తవుతుంటే 'దారి' అన్నారు."

"దారి అన్నాను కదా మరి."

"అన్నారు. 'ఇప్పుడే కదండీ చెప్పాను, ఎంత సేపు తిప్పుతారు' అని విసుక్కున్నారు కూడా."

విసుక్కోవడం మాస్టారికి గుర్తుంది. ఆ విసుగు ఇంకా నాలుక మీద ఉన్నంత బాగా గుర్తుంది. దానికి ముందు, "మూడో" అన్న మాటకూ "దారి" అన్న మాటకూ మధ్య, సన్నటి చీలిక కూడా ఆయనకు కనబడలేదు. రెండు మాటలూ ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.

"అలసటై ఉంటుంది" అన్నారు. "ఆ మాత్రల వల్ల ఒక్కోసారి మబ్బుగా ఉంటుంది. అయినా నా కాలు పెడల్ మీదే ఉంటుందండీ. ముప్పై ఏళ్ళు, మూడు వేల మంది, ఒక్క గీత లేదు."

ఆ రికార్డు సంగతి ఇక్కడే సర్దేసుకుందాం, ముందుకు పోతే వీలుపడదు. మూడు వేలన్నది స్కూలు బోర్డు మీద ఉన్న అంకె. బావమరిది కిందపడ్డప్పుడు రంగు వేస్తున్నది దాని పక్క సున్నాకే. రిజిస్టరు ప్రకారం పదకొండు వందల చిల్లర. గీతల విషయానికొస్తే ఒక గేటు, రెండు సైకిళ్ళు, ఒక బట్టలషాపు ముందు నిలబెట్టిన చీర బొమ్మ, ఇవి కాక లైసెన్సు ఆఫీసువాళ్ళ సొంత గోడ, అదీ పరీక్ష రోజున, ఇన్‌స్పెక్టరు లోపల కూర్చుని ఉండగా. నా మీసం గురించి బెంగపడకండి. నాకు మొదటి నుంచీ లేదు.

"మీ కాలు పెడల్ మీద లేదు" అంది నర్సమ్మ. "అదీ చూశాను. పెడల్ పక్కన, ఖాళీ నేలను నొక్కుతూ ఉంది."

మాస్టారు కిందికి, తన కుడికాలి వైపు చూశారు. గదిలో గచ్చు మీద అది మామూలుగానే ఉంది.

మంగళవారం నుంచి ఒక చిన్న సంగతి ఆయన్ను చెప్పులో రాయిలా గీరుతోంది. దారిలో కనబడ్డ ప్రతి బండినీ గుర్తుపెట్టుకోవడం ఆయనకు ఊపిరి తీయడం లాంటిది. కావాలని చెయ్యరు, అలా జరిగిపోతుంది. సర్కిల్లోకి వెళ్ళేటప్పుడు ముందు ఒక తెల్ల వ్యాను ఉంది, లాండ్రీవాళ్ళది, వెనక ఎడమవైపు బ్రేకు లైటు వెలగడం లేదు. బయటికి వచ్చేటప్పుడు ముందు ఉన్నది నీళ్ళ ట్యాంకరు. మధ్యలో ఒక అరచుట్టు తప్ప ఏమీ లేదు. వ్యాను ట్యాంకరు ఎలా అయిందో ఆయనకు అర్థం కాలేదు. మాత్రల మీద నెట్టేసి వదిలేశారు.

"వ్యాను" అన్నారు.

"ఏ వ్యాను?"

"మన ముందు తెల్ల వ్యాను ఉండాలి. ఎప్పుడు పోయింది?"

"మొదటి చుట్టులోనే. రెండో దారిలో వెళ్ళిపోయింది."

"తరువాత?"

"ఒక ఆటో వచ్చింది, పోయింది. ఆ తరువాత నీళ్ళ ట్యాంకరు."

మాస్టారు తల ఊపారు. ఎవరో వచ్చి బయట చినుకులు పడుతున్నాయని చెబితే ఊపినట్టు. లెక్క సరిపోయింది. తన కళ్ళే తనకు సాక్ష్యం చెప్పాయి, ఇక ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. భయం వేస్తుందేమోనని ఒక క్షణం చూశారు. వెయ్యలేదు. చాలా సేపు మడిచి కూర్చున్న కాలికి తిమ్మిరెక్కితే, గిల్లినా తెలియదే, లోపలంతా అలా ఉంది. ఆరు నెలలుగా అలాగే ఉంది. మాత్రలు మొదలుపెట్టాక వచ్చిందో, తాళాలు గుండీల డబ్బాలో పడ్డాక వచ్చిందో ఆయన చెప్పలేరు.

ఈ ఆరు నెలలూ ఆయన నడిచారు. నడక మంచిదేనన్నారు అందరూ, కారు దిగకుండానే, అద్దం దించి. బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చునేవారు. అక్కడి నుంచి మలుపు మలుపుకూ ఆయన కాలు నేలను నొక్కేది. నెల తిరిగేసరికి కుడి చెప్పు అరిగి, ఎడమది కొత్తగా ఉండిపోయింది. చెప్పులు కుట్టే అతను ఆ జతను చూసి, ఎవరిదైనా ఒంటికాలి మనిషిదా అని అడిగాడు. బావమరిది కారెక్కించుకుని, రెండో గేరులో పది కిలోమీటర్లు బండి అరుస్తుంటే, "ఎలా ఉంది బావా నా డ్రైవింగు" అనేవాడు. "బాగుందిరా" అనేవారు. అనడానికి ఏ కష్టమూ లేకపోవడమే ఆయనకు వింతగా ఉండేది. పాత మాస్టారైతే ఆ గేరుబాక్సు కోసం కంటతడి పెట్టుకునేవారు.

"పడిపోవడం ఒక్కటే ఫిట్సు కాదు మాస్టారూ" అంది నర్సమ్మ. "ఇలా మధ్యలో ఆగిపోవడం కూడా అదే. మీకు తెలీదు, తెలిసే వీల్లేదు. పక్కన ఉన్నవాళ్ళకే తెలుస్తుంది."

"నేను నడపలేదు కదండీ. కూర్చున్నాను."

"నేను తిన్నగా గోడకేసి పోనిస్తే కారు ఆపేదెవరు?"

"నేను."

"లారీకి అడ్డంగా పోనిస్తే?"

"నేనే."

"మరి నడిపేదెవరు?"

మాస్టారు ఈ ప్రశ్న పదకొండు వందల మందిని అడిగారు, వేరే మాటల్లో. జవాబు పటం పక్కన ఎర్ర అక్షరాలతో రాసి ఉంది కూడా: బండిని ఆపగలిగినవాడే డ్రైవరు. రాయించింది ఆయనే.

"రేపు పదింటికి" అన్నారు. "డాక్టరు ఆ కాగితం మీద సంతకం పెడితే అయిపోతుంది. ఒక్క సంతకం."

"పెడతారు. మీరు చెప్పకపోతే తప్పకుండా పెడతారు. డాక్టర్లకు మనం చెప్పిందే తెలుస్తుంది."

"మీరు చెబుతారా?"

"నేను చెప్పను. ముప్పై రెండేళ్ళు వార్డులో ఊరందరి రోగాలూ నా చేత్తో రాశాను. మీది మీరే రాసుకోండి." నర్సమ్మ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "మా చెల్లెలికి ఒంట్లో బాగోదు. రెండు బస్సులు మారి వెళ్ళలేక, ఈ వయసులో కారు నేర్చుకుంటున్నాను. మీరు బాగా నేర్పారు. మీరు నేర్పబట్టే మంగళవారం ఇద్దరం బతికాం. అది మీతో చెప్పాలనే వచ్చాను, మీరు వేరేలా అనుకోకండి."

"శనివారం మరి పక్కన ఎవరు?"

"మీ బావమరిది కుంటుకుంటూ వస్తానన్నాడు. ఇద్దరికీ కలిపి నాలుగు కాళ్ళలో మూడు పనిచేస్తాయి. సరిపోతుందిలెండి."

తలుపు బయటి నుంచి తోసిన చప్పుడైంది. తోసింది మాస్టారి భార్య. ఒక చేతిలో ఖాళీ సంచీ, ఇంకో చేతిలో కొలతల టేపు. గదిలోకి వచ్చి ఒకరి ముఖం తరువాత ఒకరి ముఖం చూసింది.

"ఏమండీ, పగటిపూట తలుపేసుకున్నారేంటి?"

"నేనే వెయ్యమన్నాను తల్లీ" అంది నర్సమ్మ. "ఆ రోజు మీరు పొడవు తగ్గించిన కోటు చక్కగా సరిపోయింది. వస్తాను." గుమ్మం దాటుతూ మాస్టారి వైపు చూడలేదు. చూసి ఉంటే ఆయనకు సులువుగా ఉండేదో, కష్టంగా ఉండేదో తెలియదు.

భార్య మిషను మీది బట్టల్ని తిరిగి కుర్చీలోకి మార్చింది. మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. కుట్టలేదు.

"ఏమన్నారావిడ?"

మాస్టారు చెప్పారు. దాచుకుని చెప్పడానికి, మెల్లగా చెప్పడానికి ఆయనలో ఏమీ మిగల్లేదు. ముందు పక్క సీటు సంగతి చెప్పారు.

"ఎన్ని రోజులు?"

"నాలుగు పాఠాలు."

"తాళం?"

"ఆఫీసులో రెండోది ఉంది."

"అబ్బో. నేను బీరువాకు కాపలా కాస్తున్నాను, పులి వెనక గుమ్మంలోంచి షికారుకెళ్ళి వస్తోంది." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. "ఇంకా ఏంటి?"

సర్కిల్ సంగతి చెప్పారు. "మూడో" అనడం, పలక్కపోవడం, మూడు చుట్లు, "దారి" అనడం. తెల్ల వ్యాను, నీళ్ళ ట్యాంకరు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎంత సేపు అనలేదు. అయ్యో అనలేదు. దుప్పటి అంచును వేళ్ళతో సాపు చేస్తూ విని, చివర్లో అంది:

"బెల్టు చుట్టారా, చొక్కా అంచు చుట్టారా?"

"బెల్టు" అన్నారు మాస్టారు. అన్న తరువాత ఆగారు. "వేళ్ళ సంగతి నేను నీకు చెప్పలేదే."

"చెప్పారుగా. ఇప్పుడే."

"చెప్పానా?"

"చెప్పారు."

మాస్టారు వెనక్కి వెళ్ళి తన మాటల్ని ఒక్కొక్కటే తడుముకున్నారు. వ్యాను ఉంది, ట్యాంకరు ఉంది, బెల్టు లేదు. కానీ మంగళవారం కూడా ఆయనకు చీలిక కనబడలేదు. చెప్పే ఉంటానేమో అనుకున్నారు. ఇక మీదట తన మీద తనకుండే నమ్మకం ఇంతేనేమో.

గోడకు తగిలించిన ఆసుపత్రి ఫైలు తీశారు. రేపటికి నింపి తెమ్మన్న కాగితం పైనే ఉంది. అందులో రెండు భాగాలు. మొదటిది రోగి రాయాలి: మళ్ళీ ఫిట్సు వచ్చిందా, వస్తే తేదీ. దాని కింద ఇంట్లోవాళ్ళు రాయాలి: మీరు చూసినవి ఏమైనా ఉన్నాయా, ఉంటే ఎప్పుడు. అక్కడ మూడు గీతలు గీసి ఉన్నాయి. మూడు నెలల కిందట ఇలాంటి కాగితమే ఇస్తే ఆమె ఆ గీతల మీద గుండ్రటి అక్షరాలతో "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టింది. డాక్టరు ఆ చేతిరాతను మెచ్చుకున్నాడు కూడా.

"పెన్ను" అన్నారు.

ఆమె ఇవ్వలేదు. "రాయకపోతే ఏమవుతుంది?"

మాస్టారు తలెత్తి చూశారు. తాళాలు బీరువాలో పెట్టిన మనిషి ఈమేనా అన్నట్టు.

"ఏమవుతుందంటే?"

"మంగళవారం ఎవరికీ ఏమీ కాలేదుగా. రేపు సంతకం పెడతాడు. కొన్నాళ్ళు మెల్లగా, నేను పక్కన కూర్చుంటే నడుపుతారు. ఆవిడ చెప్పనంది కదా."

"నువ్వేనా ఈ మాటనేది?"

"నేనే. ఆరు నెలల నుంచి ఈ గదిలో నాకు రెండు కుర్చీలున్నాయి, మూడోది మీరు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటారు. తిన్నారా అంటే తిన్నానంటారు, బాగుందా అంటే బాగుందంటారు. మొన్న ఉప్పు వెయ్యకుండా పెట్టాను, కావాలనే. అదీ బాగుందన్నారు. తిడతారేమోనని కూర్చున్నాను." ఆమె టేపును వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఆ స్టీరింగు ఇస్తే మళ్ళీ మనిషవుతారేమోనని."

మాస్టారికి ఆ మాట ఎక్కడో తగలాలి. తగిలే చోటు ఎక్కడుందో తెలుసు, గోడకు తగిలించిన బొమ్మ తీసేశాక మేకు కనబడ్డట్టు కనబడుతోంది. తగల్లేదు. అయినా పెన్ను కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆవిడ దారి తెలీక తిరుగుతోంది" అన్నారు. "నేను పక్కనే ఉండి లేను. రేపు నువ్వు పక్కన కూర్చుంటావు. బ్రేకు ఉన్నా నీకు తొక్కడం రాదు."

మిషను సొరుగు తీసి ఆమె పెన్ను ఇచ్చింది. మాస్టారు కాగితం మోకాలి మీద పెట్టుకున్నారు. ఆయన చెయ్యి వణికింది. మొదటి భాగంలో మంగళవారం తేదీ వేశారు. పక్కన, "నాకు తెలియలేదు. పక్కన ఉన్నవారు చూశారు. సుమారు ఒక నిమిషం" అని రాశారు. అంతే, ఆరు నెలలు పోయాయి. రేపు మొదటి రోజు. సంతకం పెట్టి, కాగితాన్ని మిషను మీద, సూది కిందికి ఇంచుమించుగా, ఆమె ముందుకు తోశారు.

"నీ వంతు."

"నేను కారులో లేను. చూసింది ఆవిడ."

"ఇంట్లో నువ్వు చూసింది అడిగారు."

"ఇంట్లో ఏముంది."

"ఏమీ లేకపోతే ఏమీ లేవని రాయి. అప్పుడు రాసినట్టే."

ఆయన గొంతు పెంచలేదు. ఆమె పెన్ను పట్టుకుని, కాగితం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు, మళ్ళీ చేస్తున్నారు. మామూలుగా అయితే మాస్టారు లోపం ఏమిటో కుర్చీలోంచే చెప్పేసేవారు. బండి నాలుగోసారికి అందుకుని వెళ్ళిపోయింది.

"మీకు అది తప్ప ఇంకే పనీ రాదు" అంది ఆమె, కిటికీకే చెబుతున్నట్టు. "చెబితే ఏం చేస్తారు అనుకున్నాను. ప్రతిసారీ అనుకున్నాను."

"ప్రతిసారీ అంటే?"

ఆమె రాయడం మొదలుపెట్టింది. మొదటి గీత మీద వేసిన తేదీని మాస్టారు ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివారు. ఆ తేదీ ఈ ఆరు నెలల్లోది కాదు. ఆయన ఆఫీసులో పటం ముందు పడిపోవడానికి ఏడాది ముందుది. ఆ ఏడాదంతా స్టీరింగు ఆయన చేతిలోనే ఉంది. దాని పక్కన గుండ్రటి అక్షరాలతో, "పెద్ద రోడ్డు మీద. నేను వెనక సీటులో ఉన్నాను" అని రాసింది. రెండో గీత నింపింది. మూడోదీ నింపింది. తరువాత కాగితాన్ని తిప్పి, వెనకవైపు, గీతలు లేని చోట రాయసాగింది.

మాస్టారి చెయ్యి వణికిందని పైన రాశాను. అదొక్కటి నా కల్పన, అక్కడ అది ఉంటే బాగుంటుందనిపించి పెట్టాను. వణకలేదు. చాకలి చీటీ రాసినట్టు తిన్నగా, నిదానంగా రాశారు. ఆ వణకని చేతిని చూసే ఆయన భార్య పెన్ను అందుకుంది. ఆ కాగితం తిప్పడం మాత్రం నేను కల్పించింది కాదు.